మారన కృతిపతి ఏమయ్యాడు?

శివరాత్రికి మార్కండా వెళ్ళడం చంద్రపూర్‌లో స్థిరపడిన మా బోటి తెలుగు కుటుంబాలకు అలవాటైన పనే. చామోర్షీ దాటాక వైన్‌గంగ ఒడ్డున, నది ఉత్తరానికి తిరిగే చోట వున్నాయి ఆ పాత రాతిగుడులు. 1982లో గడ్చిరోలి విడిపోయేదాకా అది మన జిల్లాలోదే. మార్కండేయ మహర్షి పేరు మీద వెలసిన క్షేత్రం. కొన్నేళ్ళ కిందట అక్కడ దర్శనం వరుసలో నిలబడి వుండగా పక్కనున్న మరాఠీ మిత్రుడు, కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన పెద్దమనిషి, “మీ భాషలో మార్కండేయ పురాణం వుందా?” అని అడిగారు. వుంది, మారన రాశాడు అన్నాను. ఎప్పుడు? కాకతి ప్రతాపరుద్రుని కాలంలో. ఎవరికి అంకితం? గన్నయ అనే సేనానికి. అంతదాకా బాగానే చెప్పుకొచ్చాను. ఆయన ఊరుకోలేదు. “ఓరుగల్లు పడిపోయింది కదా, మరి ఆ సేనాని ఏమయ్యాడు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

నేను సాహిత్య విద్యార్థిని కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. లెడ్జరులో ఒక పద్దు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చూడకపోతే నిద్రపట్టని ఉద్యోగం. మన సాహిత్య చరిత్రలు తిరగేస్తే గన్నయ పద్దు మొదలైంది గాని ముగిసినట్టు కనిపించలేదు. మారన తిక్కన శిష్యుడనీ, ఆయన పురాణంలోని స్వారోచిష మనువు కథను తీసుకొనే రెండు శతాబ్దాల తర్వాత అల్లసాని పెద్దన మనుచరిత్ర రాశాడనీ ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. మనుచరిత్ర గురించి రాసినవాళ్ళు మారననూ పెద్దననూ పక్కపక్కన పెట్టి పద్యానికి పద్యం తూచారు. కృతిపతి దగ్గరకు వచ్చేసరికి నాగయ గన్నసేనాని అని ఒక్క ముక్క. అక్కడితో సరి. (అడవి బాపిరాజు గారి నవల, 2015 నాటి సినిమా గుర్తున్నవాళ్ళు ఈయన్ను గోన గన్నారెడ్డి అనుకోవద్దని మనవి. ఆయన వేరు, ఈయన వేరు.)

ఈ గన్నయ ప్రతాపరుద్రుడి కొలువులో కటకపాలుడు. అంటే రాజధానిని, కోటను కాపాడే బాధ్యత ఆయనది. ఈ ఉద్యోగం పేరు పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దీనితో ముందు ముందు పని వుంది.

1323లో ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాడు. ఇతడే తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీ దారి పట్టించారు. ఆయన నర్మద ఒడ్డున ప్రాణాలు విడిచాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. ఇది మన వైపు సాక్ష్యం. ఇక అవతలి వైపు సాక్ష్యం షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే పారశీక చరిత్రకారుడిది. ఫిరోజ్ షా తుగ్లక్ పాలనను వర్ణించిన తారీఖ్-ఎ-ఫిరోజ్ షాహీలో ఆయన, తెలంగాణా రాజు దారిలోనే చనిపోయాడనీ, అతని కొలువులో పేరున్న మనిషి ఒకడు సుల్తాను మహమ్మద్ ఎదుటికి వచ్చి ఇస్లాం స్వీకరించాడనీ, సుల్తాను అతనికి మఖ్బూల్ అని పేరు పెట్టాడనీ రాశాడు. మఖ్బూల్ అంటే అంగీకరించబడినవాడు. ఈ మనిషే కాలక్రమాన ఖాన్-ఎ-జహాన్ మఖ్బూల్ తిలంగానీ పేరుతో ఢిల్లీ సల్తనతుకు ప్రధానమంత్రి అయ్యాడు.

మరి ఈ మఖ్బూలే మారన కృతిపతి అని చెప్పడానికి ఆధారం ఏమిటి? అఫీఫ్ అతని పాత పేరు కూడా ఇచ్చాడు. ఇలియట్, డౌసన్‌ల ఇంగ్లీషు అనువాదంలో అది కట్టు, కుట్టు అని చదువుకునేలా అచ్చయింది. అలాంటి తెలుగు పేరు మనం వినలేదు. ఉర్దూ తెలిసినవాళ్ళను అడిగితే విషయం తేలిపోయింది. పారశీక లిపిలో మాట మధ్యలో వచ్చే ‘త’కూ ‘న’కూ తేడా చుక్కల్లోనే. పైన రెండు చుక్కలుంటే త, ఒక చుక్కుంటే న. ‘క’కూ ‘గ’కూ మధ్య తేడా ఒక అడ్డగీత. పాత రాతప్రతుల్లో ఆ గీతను తరచు వేసేవారే కారు. రాయసగాడు ఒక చుక్క ఎక్కువ పెట్టాడనుకుంటే కట్టు కాస్తా గన్ను అవుతాడు. ఓరుగంటి మనిషి, ప్రతాపరుద్రుడి దగ్గర పెద్ద హోదా, ఢిల్లీ బందీల్లో ఒకడు, పేరు గన్ను. ఇన్ని కలిశాక మన చరిత్రకారులు ఇతణ్ణి మారన చెప్పిన గన్నసేనానిగానే గుర్తించారు. బ్యాంకులో సంతకం పోల్చినట్టు పోల్చి చూస్తే నాకూ ఇది చెల్లుతుందనే అనిపించింది. ఇది ఊహ, శాసనప్రమాణం కాదు అని ఎవరైనా అంటే కాదనను. కాని చెక్కు తిప్పి పంపడానికి కూడా కారణం చూపాలి కదా. ఆ కారణం నాకింతవరకు కనబడలేదు.

ఇప్పుడు మారనను మళ్ళీ చదవండి. పుస్తకం అదే, అర్థం మాత్రం మారిపోతుంది. మార్కండేయ పురాణంలో మొదట్లోనే వచ్చే పెద్దకథ హరిశ్చంద్రోపాఖ్యానం. రాజ్యం పోగొట్టుకుని, కాశీలో భార్యాబిడ్డలను అమ్మి, తానూ అమ్ముడుపోయి, పరాయి యజమాని కింద శ్మశానం కాచిన రాజు కథ. ఓరుగల్లు కోటను కాచేవాడు కొలువు తీర్చి ఈ కథ విన్నాడు. కొద్దికాలానికి అతని రాజు బందీగా పోయాడు, అతనూ పరాయి యజమాని కింద కాపలాకు కుదురుకున్నాడు. ఇక ప్రవరుడి కథ సరేసరి. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని హిమాలయం చూడబోయిన గృహస్థు. పసరు మంచుకు కరిగిపోయింది, తిరిగివచ్చే దారి మూసుకుపోయింది. చివరికి అగ్నిదేవుణ్ణి వేడుకుని ఇల్లు చేరాడు. పెద్దన చేతిలో ఈ కథ శృంగారానికీ నిష్ఠకూ మధ్య పోటీగా పెరిగింది. మనమంతా దాన్ని అలాగే చదివాం, అలాగే పరీక్షలు రాశాం. మారన దగ్గర మాత్రం ఇది మనువుల వరుసలో వచ్చే ఒక ఉపకథ. అలంకారం తక్కువ, నడక సూటి. ఉత్తరదేశానికి పోయి తిరిగి రాలేక తల్లడిల్లే మనిషి అందులో స్పష్టంగా కనబడతాడు. కృతిపతి కథ తెలిసి చదివితే ఇంకా స్పష్టంగా కనబడతాడు. మారనకు భవిష్యత్తు తెలుసునని నా వాదన కాదు. కవికి తెలియనిది కూడా కాలం పుస్తకంలో రాసి పెడుతుంది, చదివేవాడు దాన్ని చూడకపోవడం విమర్శలో లోటు అనే నేను అంటున్నది.

పెద్దన మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. అయినా ఒక మాట చెప్పాలి. కృతిపతిగా శ్రీకృష్ణదేవరాయలు దొరికిన పుస్తకం చుట్టూ మనం కోటలు కట్టాం. కృతిపతి మతం మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయిన పుస్తకాన్ని మాత్రం మూలగ్రంథం అని పేరుపెట్టి అటక మీద పెట్టాం. ఈ రెంటికీ సంబంధం లేదనే అనుకుందాం. అయినా నాకు అనుమానమే.

తెలుగు సాహిత్యం ఓరుగల్లు పతనాన్ని ఎలా గుర్తుపెట్టుకుంది అనేది ఇంకో ప్రశ్న. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము అనే పాత వచనగ్రంథంలో రాజు ఢిల్లీ చెర నుంచి తిరిగివస్తాడు. శాసనం నర్మద ఒడ్డున ఆయన కథ ముగిసిందంటే, జనం కథ ఆయన్ను ఇంటికి తెచ్చింది. వేదం వెంకటరాయ శాస్త్రి గారు 1897లో రాసిన ప్రతాపరుద్రీయ నాటకం దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీథుల్లో తిరుగుతూ, సుల్తానునే పట్టుకుపోతానని అందరి ఎదుటా కేకలు వేస్తాడు. పిచ్చివాడి మాట అని అంతా నవ్వుతారు. చివరికి అన్నంత పనీ చేస్తాడు. కొందరు ఈ యుగంధరుణ్ణి గన్నయగానే లెక్కిస్తారు.

నాటకంగా ప్రతాపరుద్రీయం గొప్పది. చాకలి పేరిగాడు తన యాసలో మాట్లాడతాడు, తురకల పాత్రలు వాళ్ళ తీరులో మాట్లాడతాయి. పాత్రోచితభాష అనే మాటకు తెలుగులో ప్రాణం పోసిన రచన అది. మా నాన్నగారి తరంలో యుగంధరుడి పిచ్చిమాటలు నోటికి రాని నాటకాభిమాని లేడు. ఆ పిచ్చివేషం కథాసరిత్సాగరంలో ఉదయనుణ్ణి చెర విడిపించిన మంత్రి యౌగంధరాయణుణ్ణి గుర్తుకు తెస్తుంది. పేరు కూడా ఆ దారిలోదే. శాస్త్రి గారు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో, మద్రాసులో కూర్చుని రాశారు. ఓడిపోయిన దేశానికి రంగస్థలం మీదనైనా ఒక గెలుపు కావలసివచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను.

అయితే ఆ గెలుపుకు మనం ధర చెల్లించాం. నిజంగా జరిగింది నాటకం కన్నా పెద్దది. నాటకంలో తెలుగు మంత్రి ఢిల్లీ సుల్తానును పట్టుకొచ్చాడు. చరిత్రలో తెలుగు సేనాని ఢిల్లీనే పట్టుకుని కూర్చున్నాడు. నాటకంలో వేషం విప్పేస్తే లోపల పాత యుగంధరుడు అలాగే వున్నాడు. చరిత్రలో విప్పడానికి అది వేషం కాదు. పేరు, మతం, భాష అన్నీ మారి, ఒక జీవితకాలం ఆ మార్పులోనే గడిచింది. మొదటిది ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టిస్తుంది. రెండోది చూస్తే ఏం చెయ్యాలో తెలియక కూర్చుండిపోతాం. రెండో నాటకం రాయడమే కష్టం.

ఆ రెండో నాటకానికి కావలసిన ఘట్టాలన్నీ చరిత్ర పుస్తకాల్లో సిద్ధంగా వున్నాయి. మొదటిది ఓరుగల్లులోనే. మహమ్మద్ బిన్ తుగ్లక్ హయాంలో మాలిక్ మఖ్బూల్ ఢిల్లీ తరఫు అధికారిగా ఓరుగల్లుకే వచ్చాడు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరగబడి కోట పట్టుకున్నప్పుడు మఖ్బూల్ ఢిల్లీకి పారిపోయాడని బరనీ రాశాడు. ఒకప్పుడు తాను కాచిన కోట. ఇప్పుడు దాన్ని పట్టుకుంటున్నది తనవాళ్ళు, లోపల పరాయివాడిగా వున్నది తాను. ఆ రాత్రి కోటగుమ్మం దాటుతున్న మనిషి మనసులో ఏముందో ఏ బరనీ చెప్పడు. అది కవి పని. కాపయ మీద పద్యాలు వచ్చాయి, నవలలు వచ్చాయి. కోట దాటిన మనిషి సంగతి ఎవరు పట్టించుకున్నారు?

రెండో ఘట్టం ఢిల్లీలో. మధ్యలో ఆయనకు ముల్తాన్ జాగీరు, ఖివాముల్ ముల్క్ బిరుదు దక్కాయి. 1351లో మహమ్మద్ సింధు దేశంలో చనిపోతే సైన్యం అక్కడే ఫిరోజ్ షాను గద్దె ఎక్కించింది. ఢిల్లీలో వున్న ముసలి వజీరు మాత్రం ఒక పసివాణ్ణి సుల్తానుగా ప్రకటించాడు. ఆ వజీరు కింద ఉపమంత్రిగా వున్న మఖ్బూల్ ఢిల్లీ వదిలి వెళ్ళి ఫిరోజ్‌తో కలిశాడు. ఆ లెక్క సరిపోయింది. కొత్త సుల్తాను ఆయన్ను ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో వజీరును చేశాడు. ఫిరోజ్ బెంగాలు మీదికీ, సింధులో ఠట్టా మీదికీ దండెత్తి ఏళ్ళ తరబడి దూరంగా వుంటే ఢిల్లీని నడిపింది ఈయనే. ఠట్టా యుద్ధంలో సుల్తాను సైన్యం కచ్ఛ్ రణ్‌లో దారి తప్పింది. నెలల తరబడి ఏ కబురూ లేదు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఖాన్-ఎ-జహాన్ రోజూ పరివారంతో ఊరేగి ప్రజలకు కనిపించేవాడట, సుల్తాను సొత్తును తన ఇంటికి చేర్చి కాపలా పెట్టాడట. చివరికి సుల్తాను క్షేమంగా వున్నాడని ఒక ఉత్తరం తానే కల్పించి చదివించి ఊరిని కుదుటపరిచాడని అఫీఫ్ కథనం.

కటకపాలుడనే మాట గుర్తుంచుకోమన్నది ఇందుకే. రాజు లేని కోటను కాచడం. ఓరుగల్లులో ఆ పని ఓటమితో ముగిసింది. ఢిల్లీలో అదే పని వేరే పేరుతో, వేరే రాజు కోసం చేసి నెగ్గాడు. మతం మారింది, మాట మారింది, పని మాత్రం మారలేదు. మారన వర్ణించిన మనిషీ అఫీఫ్ వర్ణించిన మనిషీ ఒకరే అనడానికి చుక్కల కన్నా నాకు ఇదే పెద్ద ఆధారంగా తోచింది. చరిత్ర ఆచార్యులు దీన్ని ఒప్పుకోరు, నాకు తెలుసు.

వృత్తిధర్మం కొద్దీ నాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకొకటి. వజీరుకూ, లెక్కలు తనిఖీ చేసే ఐనుల్ ముల్క్ అనే పెద్ద ఉద్యోగికీ పడేది కాదు. కచేరీలో నోటికొచ్చినట్టు తిట్టుకునేవారట. సుల్తాను ఐనుల్ ముల్క్‌ను ముల్తాన్ వైపు బదిలీ చేశాడు. తర్వాత వజీరునే తీసెయ్యాలన్న ఆలోచన వచ్చి, శత్రువు కదా చెడ్డగానే చెబుతాడని ఐనుల్ ముల్క్‌ను సలహా అడిగాడు. అతను మాత్రం, ఈయన్ను తీస్తే రాజ్యం చెడుతుంది అన్నాడు. సంగతి తెలిసి వజీరు వచ్చి శత్రువును కౌగిలించుకున్నాడు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరు ఇలా రిపోర్టు రాసిన సందర్భం ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చూడలేదు.

అఫీఫ్ మరో మాట అన్నాడు. ఇంత తెలివైన మంత్రికి చదవడం, రాయడం రాదని. ఇది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. మార్కండేయ పురాణం అంకితం పుచ్చుకున్నవాడు, కవి చేత అడిగి రాయించుకున్నవాడు చదువు రాని మనిషా? అలా రాయించుకోవడానికి చదువు అక్కర్లేదు, వినికిడి చాలు అని ఎవరైనా అనవచ్చు. కాని నాకు వెంటనే గుర్తుకు వచ్చింది వేరే సంగతి.

నేను కొత్తగా ఈ జిల్లాకు వచ్చిన రోజుల్లో ఒక శాఖలో పనిచేశాను. పింఛను ఖాతా తెరవడానికి ఒక బొగ్గుగని కార్మికుడు వచ్చాడు. కరీంనగర్ వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే ముసలివాడైన మనిషి. నేను వేరే పనిలో వుండగా కౌంటరు గుమాస్తా అతని చేత వేలిముద్ర వేయించి, ఫారం మీద నిరక్షరుడు అని రాసి పంపాడు. వేలికి అంటిన సిరా తుడుచుకుంటూ ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, “సారూ, నాకు సంతకం వస్తది” అన్నాడు. కాగితం ఇచ్చాను. గుండ్రటి తెలుగు అక్షరాలతో, ఒత్తులు ఎక్కడా తప్పకుండా ఇంటిపేరుతో సహా రాశాడు. చిన్నప్పుడు భాగవతం చదివేవాణ్ణని చెప్పాడు. గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. ఆయన రాసింది తనకు తెలిసిన అక్షరం కాదు, అంతే. నేను ఫారం చించేసి కొత్తది నింపాను.

అఫీఫ్ రాసిన మాటను నేను ఈ ఫారం పక్కన పెట్టి చదువుకుంటాను. ఢిల్లీ దివానులో అక్షరం అంటే పారశీకం. నలభై ఏళ్ళు దాటాక ఓరుగల్లు నుంచి తెచ్చుకున్న అక్షరాలకు అక్కడ చెలామణీ లేదు. మారన కృతిపతి నిరక్షరుడయ్యాడు. చరిత్రకారుడి మాటను ఇలా మార్చి చదవడం న్యాయమా అంటే, చంద్రపూర్‌లో వుండి చదివేవాడికి ఇలా తప్ప ఇంకెలా కనబడుతుంది? మన పిల్లలకు మరాఠీలో పద్యాలు నోటికి వచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు క్యాలెండరు మీద పండుగ పేరు చదవలేరు. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు వాళ్ళను చూసి, “మీవాళ్ళకు తెలుగు రాదా?” అని అడుగుతారు.

ఓరుగల్లు పడ్డాక కాకతి వంశంవాడు అన్నమదేవుడు బస్తర్ అడవుల్లోకి వెళ్ళి రాజ్యం పెట్టాడని ఐతిహ్యం. సిరొంచ వైపు వాళ్ళకు ఆ కథ బాగా తెలుసు. వంశనామం నిలబెట్టుకున్నాడు కాబట్టి అతణ్ణి మనవాడని గర్వంగా చెప్పుకుంటాం. మరి ఢిల్లీ వెళ్ళి పేరు మార్చుకున్నవాణ్ణి? విచిత్రమేమంటే ఢిల్లీవాళ్ళు మాత్రం ఆయన్ను చివరిదాకా తిలంగానీ అనే పిలిచారు. 1370కి అటూ ఇటూగా పండుముసలి అయి పోయాడు. కొడుకు జౌనా షా అదే బిరుదుతో వజీరై 1387 దాకా ఏలాడు. ఖిడ్కీ మసీదు, నిజాముద్దీన్‌లోని కలాన్ మసీదు ఆ కొడుకు కట్టించినవే.

తండ్రికి కట్టిన సమాధి నిజాముద్దీన్ బస్తీలో వుంది. ఎనిమిది పలకల కట్టడం. తర్వాత సయ్యదులు, లోడీలు కట్టుకున్న అష్టకోణపు సమాధుల వరుసకు అదే ఆద్యమని వాస్తుచరిత్ర రాసినవాళ్ళు అంటారు. ట్రైనింగు పని మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం వెతుక్కుంటూ పోయాను. బల్లార్షాలో రైలెక్కితే హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్లోనే దిగవచ్చు కనుక కష్టం లేదు. బస్తీ సందుల్లోనే కష్టం. గోడలకు ఆనుకుని ఇళ్ళు, దండేల మీద ఆరవేసిన బట్టలు. ఎవరు కావాలి అని ఒక పెద్దాయన అడిగితే ఏమనాలో తోచక “తిలంగానీ” అన్నాను. ఆయన అటు చెయ్యి చూపించి తన పనిలో పడ్డాడు.

మారన పురాణం ఈసారి ఎవరైనా అచ్చు వేస్తే పీఠికలో పెద్దనతో పోలికకు ఇచ్చే పేజీల్లో కొన్ని తగ్గించి కృతిపతికి ఇవ్వాలని నా కోరిక. అఫీఫ్ గ్రంథంలో ఖాన్-ఎ-జహాన్ మీద వున్న భాగాలు పారశీక మూలం నుంచి నేరుగా తెలుగులోకి రావాలి. ఇలియట్ ఇంగ్లీషును నమ్ముకుంటే మళ్ళీ చుక్కల దగ్గరే తప్పుతాం. ఇంట్లో తెలుగు, మదర్సాలో ఉర్దూ, పారశీకం నేర్చుకున్న ముస్లిం మిత్రులు మన ప్రాంతాల్లోనే వున్నారు. వాళ్ళలో ఒకరు పూనుకుంటే ఈ పత్రికలోనే విడతలుగా వేసుకోవచ్చు. పక్కన కూర్చుని తెలుగు ప్రూఫులు దిద్దే పని నాకు ఒప్పగించండి.